పెదనాన్న లతీను పూజే కావాలంటున్నారు, అక్క పెళ్లి ఎలా? ఆర్చిబిషప్ లెఫెవ్ర్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు_తమ్ముడు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు, తాతల కాలం నుంచి ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్లం. మా పెదనాన్న గారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చున్నప్పటి నుంచి యూట్యూబులో లతీను పూజల (కొత్త క్రమం రాకముందు లతీను భాషలో జరిగిన పాత పూజ) వీడియోలు చూడటం మొదలుపెట్టారు, అక్కడి నుంచి మార్సెల్ లెఫెవ్ర్ అనే ఫ్రెంచి ఆర్చిబిషప్ గారి మీద పడ్డారు. ఇప్పుడు ఆయన ఫొటో ఫ్రేము కట్టించి జపమాల పెట్టుకునే గూట్లో మరియమాత పక్కనే పెట్టారు. ఆదివారం గుడికైతే వస్తారు గానీ అందరూ నిలబడి చేతిలో సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుంటుంటే ఈయన ఒక్కరే మోకరించి నోరు తెరుస్తారు, వెనకాల లైనంతా ఆగిపోతుంది, మా విచారణ (అంటే మా గుడి పరిధి) ఫాదర్ గారు ఒకసారి విసుక్కున్నారు కూడా.

అదంతా సరే, మేం సర్దుకుపోతున్నాం. అసలు టెన్షన్ ఏంటంటే అక్క పెళ్లి ఈస్టర్ తర్వాత అనుకున్నాం, పెళ్లికొడుకు వాళ్లది ఫిరంగిపురం. పెదనాన్న గారు "కొత్త పూజ అసలు పూజే కాదు, నా కూతురి పెళ్లి అందులో చెయ్యను, తమిళనాడు నుంచి లెఫెవ్ర్ గారి సంఘం ఫాదర్ని పిలిపించి పాత పద్ధతిలో చేయిస్తాను" అని కూర్చున్నారు. అక్క ఏడుస్తోంది. అటువైపు వాళ్లకి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటారో ఊహించుకోండి, వాళ్లు బాలయేసు గుడిలో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోరు.

నాకు తెలియాల్సినవి: ఈ లెఫెవ్ర్ గారు ఎవరు, ఆయన్ని పోపు గారు వెలివేశారంటున్నారు నిజమేనా, ఆయన గొడవంతా లతీను కోసమేనా, ఆ సంఘం ఫాదర్ వచ్చి పెళ్లి చేస్తే అది చెల్లుతుందా? దయచేసి పెదనాన్నని తిట్టకండి, మంచాయన. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది ఆయనే.

కృష్ణలంక_కథోలిక:

తమ్ముడూ, ముందు మనిషి గురించి చెబుతాను, పెళ్లి సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారు.

లెఫెవ్ర్ గారు 1905లో ఉత్తర ఫ్రాన్సులో పుట్టారు. వాళ్ల నాన్న గారు రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల జైల్లో చనిపోయారు. ఈయన మిషనరీగా ఆఫ్రికాలో గాబోన్ వెళ్లారు, తర్వాత సెనెగల్‌లో డాకార్‌కి మొదటి ఆర్చిబిషప్ అయ్యారు. యూట్యూబులో ఆయన్ని తిట్టేవాళ్లు నల్లవాళ్లంటే పడని పాతకాలం దొర అన్నట్టు మాట్లాడతారు, కానీ ఆయన గురుపట్టం ఇచ్చిన, అంటే ఫాదర్‌ని చేసిన, సెనెగల్ కుర్రాడు థియాండూమ్ గారే 1962లో ఆయన కుర్చీలో కూర్చుని డాకార్ ఆర్చిబిషప్ అయ్యారు, తర్వాత కార్డినల్ కూడా అయ్యారు. కాబట్టి మనిషిని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం కుదరదు. అలాగని దేవదూతా కాదు. చివరి రోజుల్లో ముస్లింల గురించి మాట్లాడిన మాటలకు ఫ్రెంచి కోర్టు జరిమానా వేసింది. ఇది పెదనాన్న గారు చూసే వీడియోల్లో ఉండదు.

రెండవ వాటికన్ మహాసభ, అంటే కథోలిక బిషప్పులంతా రోమ్‌లో కూడిన సభ, 1962 నుంచి 1965 దాకా జరిగింది. ఆయన దాంట్లో కూర్చున్నారు, మార్పులు వద్దనే బిషప్పులందరినీ ఒక గుంపుగా కూడగట్టారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. పూజ గురించిన పత్రం 1963 డిసెంబర్ 4న 2147 ఓట్లతో పాసైంది, వ్యతిరేకంగా పడినవి నాలుగే. దాని మీద లెఫెవ్ర్ గారి సంతకం కూడా ఉంది. ఆ పత్రంలో లతీను తీసెయ్యమని ఎక్కడా లేదు, లతీను ఉంచండి, జనం భాషకి కూడా చోటివ్వండి అని ఉంది. ఆయనకు అసలు మంట పుట్టించింది 1969లో ఆరవ పౌలు పోపు గారు తెచ్చిన కొత్త పూజ క్రమం. దాన్ని తయారుచేసిన కమిటీలో ఆరుగురు ప్రొటెస్టెంట్లు పరిశీలకులుగా కూర్చున్నారు కాబట్టి బలిపూజ కాస్తా లూథరన్ల విందు అయిపోయింది అనేది ఆయన వాదన.

1970లో స్విట్జర్లాండ్‌లో పదవ భక్తినాథ పోపు గారి పేరున, అంటే పదవ పయస్ గారి పేరున, సంఘం పెట్టి ఎకోన్‌లో గురువిద్యాలయం నడిపారు. మిగతా యూరప్‌లో సెమినరీలు ఖాళీ అవుతుంటే ఆయన దగ్గరికి కుర్రాళ్లు వచ్చారు. 1975లో సంఘం గుర్తింపు తీసేశారు. 1976 జూన్‌లో వద్దన్నా వినకుండా గురుపట్టాలు ఇచ్చారు, జూలైలో ఆయన సంస్కారాలు ఏవీ జరపకూడదని రోమ్ సస్పెండ్ చేసింది. ఆగస్టులో లీల్ నగరంలో వేలమంది మధ్య పూజ చేసి అక్కడ మాట్లాడిన ప్రసంగంతో ఫ్రాన్సంతా గగ్గోలు.

ఇక వెలి సంగతి. 1988 మే 5న రాట్జింగర్ గారితో, అంటే తర్వాత పోపు అయిన పదహారవ బెనెడిక్ట్ గారితో, రాజీ కాగితం మీద సంతకం పెట్టారు. ఒక బిషప్‌ని ఇవ్వడానికి కూడా రోమ్ ఒప్పుకుంది. మర్నాడే ఆయన వెనక్కి తగ్గారు. అప్పటికి వయసు 82, నేను పోయేదాకా లాగి ఆ తర్వాత మా వాళ్లని మింగేస్తారు అని అనుమానం. జూన్ 30న పోపు అనుమతి లేకుండా నలుగురిని బిషప్పులుగా అభిషేకించారు. అలా చేస్తే ఎవరూ తీర్పు చెప్పక్కర్లేకుండా దానంతటదే వెలి పడుతుంది, రెండవ జాన్ పాల్ గారు జూలై 2న అదే ప్రకటించారు. 1991లో ఆ వెలిలోనే చనిపోయారు. 2009లో బెనెడిక్ట్ గారు ఎత్తేసింది ఆ నలుగురు బిషప్పుల మీద వెలి, లెఫెవ్ర్ గారి మీద కాదు. అందులో ఒకాయన, విలియమ్సన్, యూదుల మారణహోమం అంత జరగలేదు అని టీవీలో వాగి పోపు గారి పరువు తీశాడు. సంఘం వాళ్లే 2012లో బయటికి నెట్టారు.

పాత_పీఠం:

పైన అన్న కథ చెప్పారు, బాగానే చెప్పారు, కానీ రోమ్ వైపు నుంచి చెప్పారు. నేను లెఫెవ్ర్ సంఘంలో మనిషిని కాదు, విజయవాడలో మామూలు విచారణలో ఉన్నాను, అయినా మీ పెదనాన్న గారి బాధ నాకు అర్థమవుతుంది. మొన్న మా గుడిలో ఒక పెళ్లికి వెళ్లాను. వీడియో కుర్రాడు బూట్లేసుకుని పీఠం మెట్లెక్కి, ఫాదర్ గారు అప్పం ఎత్తిన సమయంలో ఆయన ముఖం మీద లైటు కొట్టాడు. పక్కన డ్రోన్. సంగీతకూటమి అమ్మాయిలు సినిమా ట్యూన్‌లో పాట, దానికి ప్యాడ్స్ మీద వాయింపు. బయట పెళ్లి భోజనాల దగ్గరే ఇంతకన్నా నిశ్శబ్దంగా ఉంది. ఇది చూసిన పెద్దాయన ఎకోన్ వీడియో పెట్టుకుని, గురువు తూర్పుకి తిరిగి, మాట వినపడకుండా, అందరూ మోకాళ్ల మీద ఉన్న పూజ చూస్తే ఏమనిపిస్తుంది?

ఇంకొకటి. 1570లో ఐదవ పయస్ గారు స్థిరపరిచిన పూజ నాలుగు వందల ఏళ్లు నడిచింది, దాన్నుంచి ఎంతమంది పునీతులు వచ్చారు. 2007లో బెనెడిక్ట్ గారు అది ఎప్పుడూ రద్దు కాలేదు అన్నారు, ఏ గురువైనా చేసుకోవచ్చన్నారు. 2021 జూలై 16న ఫ్రాన్సిస్ గారు మళ్లీ తాళం వేసి తాళంచెవి బిషప్పుల చేతిలో పెట్టారు. పద్నాలుగేళ్లలో ఇటు, అటు. అలాంటప్పుడు ముసలాళ్లు గందరగోళపడితే తప్పు ఎవరిది? లెఫెవ్ర్ గారు గట్టిగా నిలబడకపోతే ఈ రోజు పాత పూజ మ్యూజియంలో ఉండేది, రోమ్‌తో కలిసి ఉన్న లతీను సంఘాలు కూడా 1988 గొడవ తర్వాతే పుట్టాయి కదా.

తాళ్లపాలెం_ఉపదేశి_మనవడు:

పాత_పీఠం గారూ, వీడియో కుర్రాడి సంగతిలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను, కానీ దానికి మందు తెలుగు తీసెయ్యడం కాదు కదండీ, కుర్రాణ్ణి కిందికి దింపడం. ఫాదర్ గారు ఒక్క మాట అంటే దిగుతాడు. అనరు, ఎందుకంటే పెళ్లివాళ్లు నొచ్చుకుంటారు.

మా తాత ఉపదేశి, అంటే ఊళ్లలో జపాలు, మతబోధ నేర్పేవాడు. సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు. పాత రోజుల్లో పల్లెలకు ఫాదర్ గారు నెలకో రెండు నెలలకో వచ్చేవారు, లతీనులో పూజ చేస్తుంటే జనం జపమాల చెప్పుకుంటూనో తెలుగు కీర్తన పాడుకుంటూనో కూర్చునేవాళ్లు, మా తాత పక్కన నిలబడి తెలుగులో జపాలు చెప్పించేవాడు. అంటే పీఠం దగ్గర ఒక పూజ, నేల మీద ఒక పూజ. అది అందంగా ఉండేదా? ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. లతీను జవాబులు ఆవిడకి కంఠతా వచ్చు, అర్థం ఒక్కటీ తెలియదు. కానీ సువిశేషం తెలుగులో చదవగా వినడం, కూలికి వెళ్లొచ్చిన మా పెద్దమ్మ లేచి మైకు దగ్గరకెళ్లి పౌలు గారి లేఖ చదవడం, ఇవి కొత్త పూజతో వచ్చినవి. ఆదివారం పఠనాలు కూడా పాత క్రమంలో ఏటా అవే తిరిగేవి, ఇప్పుడు మూడేళ్ల వరస, పాతనిబంధన కూడా వస్తుంది. చేబ్రోలు, తెనాలి వైపు ఊళ్లలో చదువు లేని ఆడవాళ్లు ఇర్మియా గురించి మాట్లాడతారు. ఇది లెఫెవ్ర్ గారి లెక్కలో ఎక్కడ పడుతుందో నాకు తెలియాలి.

ఇంకో తమాషా. 1969లోనే మన దేశ బిషప్పులు అడిగితే రోమ్ పన్నెండు అంశాలకు అనుమతి ఇచ్చింది. చెప్పులు విప్పడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కారం, హారతి, నూనె దీపం, ఇలాంటివి. సంప్రదాయవాదులు ఇది హిందూ పూజ అయిపోయింది అని గోల పెట్టారు. మా ఊళ్లో అయితే అందులో సగం ఎవరి అనుమతీ లేకుండా ముందే ఉన్నాయి, బల్లలు కొనే డబ్బు లేక నేల మీద కూర్చున్నారు, గుడిలోకి చెప్పులతో వెళ్లడం ఎవరికీ తోచలేదు. ఫిబ్రవరిలో గుణదల కొండకి రండి, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు, వాళ్లలో ఎంతమంది కథోలికులో ఎవరు లెక్కపెట్టారు? ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి గారు 1924లో అక్కడ మాత స్వరూపం పెట్టినప్పుడు లతీను పూజే చేసి ఉంటారు, అయినా మాత దగ్గరికి జనం తమ పద్ధతిలోనే వచ్చారు.

లూథరన్_గల్లీ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, మాది ఏఈఎల్‌సీ, అంటే ఆంధ్ర లూథరన్ సంఘం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి మా వాళ్లకి ఆరాధన తెలుగులోనే. పైన "లూథరన్ల విందు" అని తిట్టులాగా వాడారు, నాకు నవ్వొచ్చింది. మా విందు బాగానే ఉంటుంది, తమ్ముడు వాళ్ల అక్క పెళ్లికి మమ్మల్ని కూడా పిలవండి.

కృష్ణలంక_కథోలిక:

లూథరన్ బ్రదర్, అది లెఫెవ్ర్ గారి మాట, నాది కాదు 🙂

ఉపదేశి మనవడు గారు గుణదల అన్నారు కాబట్టి నేను పైన రాయకుండా ఆగిన పాయింటు రాస్తాను. తమ్ముడు అడిగాడు కదా గొడవంతా లతీను కోసమేనా అని. నా ఉద్దేశంలో కాదు. పూజ ఆ గొడవకి ముఖం మాత్రమే. వెన్నెముక మత స్వేచ్ఛ. 1965 డిసెంబర్ 7న మహాసభ ఏం చెప్పిందంటే, ఏ మనిషినీ మతం విషయంలో ప్రభుత్వం గానీ ఇంకెవరు గానీ బలవంతపెట్టకూడదు, ఇది మనిషిగా అతనికున్న హక్కు అని. లెఫెవ్ర్ గారికి ఇది మింగుడుపడలేదు. సత్యమతం ఒక్కటే, కాబట్టి రాజ్యం క్రీస్తు రాజుకి లోబడి ఉండాలి, తప్పుడు మతాలను సహిస్తే సహించవచ్చు గానీ వాటికి హక్కు ఉండదు, పందొమ్మిదో శతాబ్దం పోపులు చెప్పింది ఇదే అని ఆయన వాదన. ఆ పోపులు నిజంగానే అలా రాశారు, అక్కడ ఆయన కల్పించిందేమీ లేదు. 1986 అక్టోబర్‌లో రెండవ జాన్ పాల్ గారు అస్సీసీలో అన్ని మతాలవాళ్లతో ప్రార్థనకు కూర్చున్నారు, లెఫెవ్ర్ గారికి ఇక రోమ్‌తో కుదరదు అని తేలిపోయింది అప్పుడే అనుకుంటాను. ముందూవెనకా చూస్తే బిషప్పుల అభిషేకానికి దారి అక్కడి నుంచే పడింది.

ఇప్పుడు దాన్ని గుంటూరుకి తీసుకురండి. ఫ్రాన్సులోనో స్పెయిన్‌లోనో కూర్చుని రాజ్యం కథోలిక రాజ్యం కావాలి అనుకోవడం ఒక రకం. మనం ఎంతమందిమి? మన గుడి, మన తిరునాళ్లు, మన ఊరేగింపు నడిచేది రాజ్యాంగంలో 25వ అధికరణ మీద. మీ పెదనాన్న గారు హెడ్మాస్టర్‌గా చేసిన మిషన్ స్కూలు నిలబడింది 30వ అధికరణ మీద, మైనారిటీలు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చని. మెజారిటీ మతానిదే రాజ్యం, మిగతావాళ్లని సహిస్తాం అంతే అనే వాదన మన దగ్గర ఎవరు ఎవరి మీద వాడతారో ఆయనకు నేను చెప్పాలా? సర్వీసంతా మత స్వేచ్ఛ నీడలో చేసి, పెన్షన్ తీసుకుంటూ, మత స్వేచ్ఛే తప్పన్న ఆయన ఫొటో గూట్లో పెట్టుకున్నారు. ఇది గొడవపడటానికి చెప్పట్లేదు, ఒక సాయంత్రం టీ తాగుతూ అడగండి, ఏమంటారో నాకూ వినాలని ఉంది.

పాత_పీఠం:

ఈ పాయింటు బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ పూజని ఇష్టపడేవాళ్లందరూ ఆయన రాజకీయం మోస్తున్నారని అనుకోకండి. నాకు కావాల్సింది గుడిలో కాస్త నిశ్శబ్దం, మోకాళ్లు. క్రీస్తు రాజ్యం స్టాంపు పేపర్ల మీద రావాలని నాకు లేదు.

బిషప్‌హౌస్_రోడ్డు:

పెళ్లి విషయానికి వస్తాను, ఎవరూ ముట్టుకోలేదు. పెళ్లిళ్లు చెల్లుతాయో లేదో తేల్చే మన సభ ట్రిబ్యునల్ పనులు దగ్గర్నుంచి చూశాను కాబట్టి తెలుసు.

కథోలికుల పెళ్లి చెల్లాలంటే స్థానిక బిషప్ గానీ, విచారణ గురువు గానీ, వాళ్లు అధికారం ఇచ్చిన గురువు గానీ, ఇద్దరు సాక్షుల ముందు సమ్మతి తీసుకోవాలి. లెఫెవ్ర్ సంఘం గురువులకి ఆ అధికారం దానంతటది లేదు. తమిళనాడు నుంచి ఆయన్ని కారులో తెచ్చి ఇంటి డాబా మీద పెళ్లి చేయిస్తే రేపు అది చెల్లని పెళ్లి అని తేలే అవకాశం ఎక్కువ, సంఘం వాళ్లు అత్యవసర పరిస్థితి అని వాదిస్తారు గానీ ట్రిబ్యునల్లో ఆ వాదన నిలబడటం కష్టం. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) వేరు, దానికి ఫ్రాన్సిస్ గారు 2015లో కరుణ సంవత్సరానికని అనుమతి ఇచ్చి, 2016లో పొడిగించారు. పెళ్లికి 2017లో ఒక దారి తెరిచారు. మేత్రాసన గురువు, అంటే బిషప్ గారి కింద పనిచేసే ఫాదర్, ఒకరు వచ్చి సమ్మతి తీసుకుంటే, ఆ తర్వాత పూజ సంఘం గురువు పాత క్రమంలో చేయవచ్చు. అలా ఎవరూ దొరక్కపోతే బిషప్ గారు సంఘం గురువుకే నేరుగా అధికారం ఇవ్వవచ్చు. రెండిటికీ బిషప్ గారి ఇష్టమే. మన వైపు ఎవరైనా ఇలా అడిగిన సందర్భం నేను చూడలేదు, ఇస్తారని గట్టిగా ఆశపెట్టుకోకండి.

"కొత్త పూజ పూజే కాదు" అన్న మాట గురించి. పెదనాన్న గారు దీన్ని లెఫెవ్ర్ గారి పేరు మీద అంటున్నారు, ఆయన అంతదాకా వెళ్లలేదు. కొత్త పూజ హాని చేస్తుంది, దానికి వెళ్లకండి అన్నారు, చాలా ఘాటుగానే అన్నారు. కానీ 1988 మే 5 నాటి ఆ కాగితంలో, సరైన ఉద్దేశంతో, అచ్చయిన క్రమం ప్రకారం చేస్తే అది చెల్లే పూజే అని ఒప్పుకుంటూ సంతకం చేశారు. రాజీ నుంచి తప్పుకున్నారు సరే, ఆ పూజ చెల్లదని మాత్రం తర్వాత కూడా అనలేదు. తనకన్నా ముదిరిన తొమ్మిదిమంది అమెరికా గురువులను 1983లో తనే సంఘం నుంచి పంపించేశారు. ఇప్పుడు పోపే లేడు, పూజే లేదు అనేవాళ్లు వేరే బ్యాచ్, యూట్యూబులో అందరూ కలగాపులగంగా ఒకదాని తర్వాత ఒకటి వస్తారు. పెద్దాయన ఎవరి వీడియో చూస్తున్నారో ఒకసారి కనుక్కోండి.

సత్ప్రసాదం సంగతి కూడా. మోకరించి నాలుక మీద తీసుకోవడం ఆయన హక్కు. చేతిలో తీసుకోవడమే తర్వాత అనుమతిగా వచ్చింది. మోకరించాడని ఎవరికీ నిరాకరించకూడదని 2004లో రోమ్ స్పష్టంగా రాసింది. మీ ఫాదర్ గారు విసుక్కుని ఉండాల్సింది కాదు. పెదనాన్న గారిని లైనులో చివర నిలబడమనండి, లైను ఆగదు.

గుంటూరు_తమ్ముడు:

చాలా థాంక్స్ అండి అందరికీ. రాత్రి పెదనాన్నతో కూర్చున్నాను. మే 5 కాగితం సంగతి చెబితే మొదట నమ్మలేదు, ఫోన్లో ఇంగ్లీషు కాపీ వెతికి ఆయనే రెండుసార్లు చదువుకున్నారు. ఏమీ మాట్లాడలేదు. 30వ అధికరణ గురించి అడిగితే మాత్రం లేచిపోయారు, కోపంగా. పొద్దున్న అక్కతో "మోకాళ్ల మీద సత్ప్రసాదం, పెళ్లి పూజలో కనీసం సాంక్తుస్ (పరిశుద్ధుడు), ఆగ్నుస్ దేయి (దేవుని గొర్రెపిల్ల) పాటలు లతీనులో పాడిస్తారా, వీడియోవాడు పీఠం ఎక్కకూడదు" అన్నారంట. తమిళనాడు ఫాదర్ గారి మాట ఎత్తలేదు, వదిలేశానని కూడా అనలేదు. కొత్త పూజలో లతీను పాటలు పాడితే ఫిరంగిపురం ఫాదర్ గారు ఒప్పుకుంటారా, దానికి కూడా బిషప్ గారి అనుమతి కావాలా?

బిషప్‌హౌస్_రోడ్డు:

అవసరం లేదు. కొత్త పూజ క్రమం మూలమే లతీను, అందులో పాటలు లతీనులో పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, విచారణ గురువుతో మాట్లాడుకుంటే చాలు. అసలు చిక్కు పాడేవాళ్లు దొరకడం. గుంటూరులో పెద్ద మఠకన్యలు ఎవరినైనా అడగండి, కొందరికి ఇప్పటికీ వచ్చు, మీ సంగీతకూటమి వాళ్లకి నేర్పించడానికి నెల పడుతుంది. పెళ్లి ప్రకటనలు రెండు విచారణల్లోనూ చదవాలి, తపస్సుకాలం రాకముందే కాగితాలు ఇచ్చెయ్యండి. ఫిబ్రవరి 9, 10, 11 మాత్రం వెళ్లకండి, ఫాదర్లు చాలామంది గుణదలలో ఉంటారు, మీకు ఎవరూ దొరకరు.

తాళ్లపాలెం_ఉపదేశి_మనవడు:

వీడియో కుర్రాడి షరతు మాత్రం అగ్రిమెంట్‌లో రాయించండి, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే.